కాగితం మీదకి రానన్న మా అత్తగారు

చదివేవాళ్ళందరికీ నమస్కారం. నేను రాయడం ఇదే మొదటిసారి. ఐదో తరగతి మధ్యలో నన్ను బడి మానిపించేశారు. ఆ తర్వాత గోడ మీద పాలవాడి లెక్క తప్ప ఏమీ రాసినదాన్ని కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మా అమ్మాయి లావణ్య మాత్రం "నువ్వు చెప్పేది చెప్పేలాగే రాసెయ్యి అమ్మా" అంది. అలాగే రాస్తున్నాను. ఏమనుకోకండి.

ఇంకో మాట ముందే చెప్పాలి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. మా పుట్టిల్లు గుండుగొలను. హైవే పక్కనే ఇల్లు. రోడ్డు మీద ఫలానాచోట తెల్లచీర కనబడిందని ఊరంతా చెప్పుకున్నా, నేను ఆ దారినే బిందె పట్టుకుని కొళాయికి వెళ్ళొచ్చేదాన్ని. నా జీవితంలో నేను భయపడింది ఒక్క మనిషికే. ఆవిడ మా అత్తగారు. జరిగింది కూడా ఆవిడ గురించే.

మాది తాడేపల్లిగూడెం. మా ఆయనకి మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు ఉంది. మా మామగారు నేను కాపరానికి రాకముందే పోయారు. ఆయన ఫొటో హాల్లో గోడకి ఉంది. ఆ ఫొటో ఏదో పని మీద స్టూడియోకి వెళ్ళి ఒక్కరే తీయించుకున్నారట. ఏడాది తిరక్కుండా దానికే దండ పడింది. అప్పటినుంచి మా అత్తగారికి ఫొటో అంటే పడదు. ఒంటరిగా దిగితే దండకే పనికొస్తుందని ఆవిడ నమ్మకం.

ఒంటరిగా దిగకపోతే పోనీ, పెళ్ళిళ్ళలో నలుగురితో దిగొచ్చు కదా? అదీ లేదు. కెమెరా పైకి లేస్తే చాలు, మొహం పక్కకి తిప్పేసి కొంగు అడ్డం పెట్టుకునేవారు. నా పెళ్ళి ఆల్బమ్‌లో అక్షింతలు వేస్తున్న చెయ్యి ఆవిడది. మొహం లేదు. లావణ్య ఓణీల ఫంక్షన్‌లో ఆవిడ ముడి ఉంది, ముడికి పెట్టిన పిన్నులు ఉన్నాయి. మొహం లేదు.

ఎవరైనా బతిమాలితే ఒకటే మాట. "నలుగురిలో దిగితే మాత్రం ఏవిటి? మీ దగ్గర కత్తెర లేదా? కత్తిరించి దండ వేసెయ్యరూ! నాకు దండ వెయ్యడానికి మీకంత తొందరేవిటర్రా?"

ఆవిడతో వేగడం ఎలా ఉండేదో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. లాక్‌డౌన్‌లో లావణ్య ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నాం. పక్కన ఒక ప్రింటర్ కూడా ఉంది. ఇప్పుడు లావణ్య ఏలూరులో హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. కంప్యూటర్ మీద పాత టవల్ కప్పి ఉంచుతాం. అది నాకు పనికొచ్చేది ఒక్కదానికే. మా అత్తగారు జంగారెడ్డిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాళ్ళ ఫోన్‌లోంచి ఆవిడ మాట్లాడేవారు, ఇక్కడ నేను కంప్యూటర్‌లో చూసేదాన్ని. ఫోన్‌లో అయితే నాకు మొహం చిన్నదిగా ఉండి కనబడదు. ఆ కూతురు మా ఆయనకి అక్క, పేరు సత్యవతి. నేను వదినగారూ అంటాను.

పోయిన వేసవిలో లావణ్య నాకు ఒక ఉపాయం చెప్పింది. "నానమ్మ కంప్యూటర్‌లో కనబడుతున్నప్పుడు ఈ రెండు బటన్లూ కలిపి నొక్కమ్మా. స్క్రీన్ మీద ఏది ఉంటే అది ఫొటోలా వస్తుంది. కెమెరా పైకి ఎత్తక్కర్లేదు. ఆవిడకి తెలియనే తెలియదు" అంది. స్క్రీన్‌షాట్ అంటారట దాన్ని. ఒక బటన్ కింద వరసలో ఉంటుంది, దాని మీద కిటికీ బొమ్మ. రెండోది పైన. గుర్తు కోసం పై బటన్‌కి నేను కొంచెం కుంకుమ పెట్టుకున్నాను.

నాకు అర్థమైంది ఏవిటంటే, ఆ బటన్లు నొక్కితే పక్కన ప్రింటర్‌లోంచి కాగితం వస్తుందని. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు కంప్యూటర్‌లోకి వచ్చారు. జంగారెడ్డిగూడెంలో ఎండలు, వదినగారింట్లో సాంబారులో ఉప్పు, అన్నీ చెబుతున్నారు. నేను బటన్లు నొక్కాను. స్క్రీన్ ఒక్క క్షణం మసకబారి మళ్ళీ మామూలు అయింది. కాగితం రాలేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు. ప్రింటర్ మీద ఒక దెబ్బ వేసి మళ్ళీ నొక్కాను. విసుగొచ్చి వరసగా నొక్కుతూనే ఉన్నాను.

"ఏమే రమణా, ఏవిటలా టకటకలాడిస్తున్నావు? రోట్లో పచ్చడి గానీ నూరుతున్నావా?" అన్నారు.

"ఏం లేదత్తయ్యగారండీ, దుమ్ము తుడుస్తున్నాను."

"నీ మొహం! దుమ్ము తుడిచేదానివి నోరెందుకలా తెరిచావే?" అని నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చాలా తక్కువ చూశాను. పైపన్ను ఒకటి ఊడిపోయి ఉండేది, అది కనబడేలా నవ్వారు. అప్పుడూ నేను నొక్కుతూనే ఉన్నాను.

తర్వాత లావణ్యకి ఫోన్ చేసి నీ కంప్యూటర్ పాడైపోయింది, ఒక్క కాగితం కూడా రాలేదని తిట్టాను. అది పడీపడీ నవ్వింది. ఆ ఫొటోలు కాగితం మీదకి రావట, లోపలే దాక్కుంటాయట. కావాలంటే తర్వాత మనం బయటికి తీసుకోవాలట. ఆదివారం ఇంటికొచ్చి చూపించింది. ఒకటి కాదు, కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. కొన్నిట్లో అత్తగారు కళ్ళు మూశారు. కొన్నిట్లో తల పక్కకి తిప్పి వదినగారితో ఏదో అంటున్నారు. ఒక్కదాంట్లో మాత్రం ఎదురుగా చూస్తూ, ఆ ఊడిన పన్నుతో నవ్వుతూ ఉన్నారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆవిడ మొహం ఫొటోలో సరిగ్గా చూడడం అదే మొదటిసారి. ఎప్పుడైనా ప్రింట్ తీయిద్దాం అనుకున్నాం. ఆవిడ చూస్తే చంపేస్తారని నవ్వుకున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకే జంగారెడ్డిగూడెంలో పొద్దున్న కాఫీ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. మా ఇంటికి తీసుకొచ్చి కార్యక్రమాలు చేశాం.

పెద్దకర్మ దగ్గర పడుతుంటే అసలు సమస్య మొదలైంది. కుర్చీలో ఫొటో పెట్టాలి, దండ వెయ్యాలి, వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకోవాలి. ఫొటో లేదు. ఆల్బమ్‌లన్నీ వెతికాం. అన్నిట్లో ముడే.

పెన్షన్ ఆపేస్తారని భయపెట్టి తీయించిన ఆధార్ కార్డు ఒకటుంటే, మా ఆయన అది పట్టుకొచ్చారు. వదినగారు దాన్ని చూసి భోరుమన్నారు. "ఇదేవిట్రా తమ్ముడూ, మా అమ్మ ఇలా ఉండేదా? దొంగతనంలో పట్టుబడ్డదానిలా ఉంది. దీనికి దండేస్తావా?" నిజమే, అందులో మొహం నల్లగా ముద్దలా ఉంది.

అప్పుడు లావణ్య స్క్రీన్‌షాట్ ఉందని చెప్పింది. కంప్యూటర్ తెరిచి చూపించింది. వదినగారు స్క్రీన్ మీద చెయ్యి పెట్టి, "అమ్మా, ఎంత చక్కగా నవ్వావే" అని ఏడ్చారు. మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఈ ఇంటికి ఉన్నది ఆ ఒక్క మొహమే అని అందరికీ అర్థమైంది.

ఇక్కడినుంచి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

లావణ్య ఆ ఫొటోలో మొహం మటుకు ఉండేలా చుట్టూ కత్తిరించింది. కంప్యూటర్‌లోనే కత్తిరించొచ్చు. అందులో నేను కూడా ఒక మూల చిన్న డబ్బాలో కనబడతాను, కాల్ మాట్లాడేటప్పుడు మన బొమ్మ కూడా వస్తుంది కదా, అది తీసేసింది. అత్తగారు ఒక్కరే మిగిలారు. ప్రింట్ నొక్కింది. పట్టపగలు. నలుగురం నిలబడి చూస్తున్నాం.

ప్రింటర్‌లోంచి కాగితం పైభాగం ముందు వస్తుంది. ముందు పాపిట రావాలి, తర్వాత నుదురు రావాలి. ముడి వచ్చింది. తర్వాత చెవి, చెవికి కమ్మ. తర్వాత కొంగు. కాగితం మొత్తం బయటికి వచ్చేసరికి మా అత్తగారు మొహం అటు తిప్పుకుని, కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నారు. స్క్రీన్ మీద చూస్తే ఎదురుగా నవ్వుతూనే ఉన్నారు.

"వేరే ఫొటో నొక్కినట్టున్నావే" అన్నారు మా ఆయన. లావణ్య కూడా అదే అనుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ముడి. మా ఆయన నొక్కారు. ముడి. మిగతా స్క్రీన్‌షాట్లు ఏవో అడ్డం వస్తున్నాయని లావణ్య అవన్నీ తీసిపారేసి, ఆ నవ్వుమొహానిదే, కత్తిరించిందీ కత్తిరించనిదీ, ఉంచింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టింది. ప్రింటర్ వైరు పీకి మళ్ళీ పెట్టింది. నేను ప్రింటర్‌ని తడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ అదే ముడి, అదే చెవి కమ్మ.

ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తియ్యొచ్చు కదా అని మీరు అడుగుతారు. తీశాం. మొహం నిండా అడ్డగీతలు వచ్చి ఎవరో తెలియకుండా పోయింది. అలా గీతలు రావడం మామూలేనని లావణ్య అంది. అయ్యుండొచ్చు. దాన్ని నేను లెక్కలో వెయ్యను.

మర్నాడు పొద్దున్న మా ఆయన, లావణ్య పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మెయిన్ రోడ్డు మీద స్టూడియోకి వెళ్ళారు. స్టూడియో ఆయన తన కంప్యూటర్‌లో చూసి, "బాగా వచ్చిందండీ, ఇంత నవ్వుమొహం పెద్దవాళ్ళది దొరకడం కష్టమండీ" అన్నాడట. పెద్ద మెషిన్ మీద తీశాడు. కాగితం బయటికి రాగానే దాన్నీ స్క్రీన్‌నీ మార్చి మార్చి చూశాడట. రెండోది తీశాడు. తర్వాత పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ఏవనుకోకండి, నా మెషిన్ ఇలా ఎప్పుడూ చెయ్యలేదండీ. మీ ఇంటి విషయం ఏదో మీ ఇంట్లోనే చూసుకోండి" అని పంపేశాడు.

ఇంటికొచ్చి ఆ కాగితాలు మంచం మీద పడేశారు. మెరుస్తున్న మంచి కాగితం మీద, మంచి రంగుల్లో, మా అత్తగారి ముడి.

వదినగారి ఏడుపు కోపం అయింది. "చేసిందంతా నువ్వే రమణా. అమ్మకి ఇష్టం లేదని తెలిసీ దొంగతనంగా తీశావు. అదేదో సరిగ్గా ఏడ్చావా అంటే అదీ లేదు. పొద్దున్నే చుట్టాలు దిగుతారు. ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టుకోమంటావా? కోడలు కదా, నీకేం పోయింది!"

 ఇన్నేళ్ళూ పప్పులో నీళ్ళు ఎక్కువయ్యాయి, తలుపు గట్టిగా వేశావు, ఫ్యాన్ ఎందుకు తిరుగుతోంది అని ఆవిడ చేత మాటలు పడ్డాను. ఆవిడ పోయాక కూడా ఆవిడ వల్ల నాకే మాటలు. పైగా కోడలికి అక్కర్లేదు కాబట్టి ఫొటో పాడు చేసిందని రేపు చుట్టాలందరి ముందూ అంటారు. అదే నాకు గుండెల్లో ముల్లులా ఉంది. బాధ లేదనుకుంటారేమోనని బాధ.

మా ఆయన ఇంకో పక్కన, "పోనీ ఆ కంప్యూటరే తీసుకెళ్ళి కుర్చీలో పెడదామా?" అన్నారు. వదినగారు నెత్తి కొట్టుకున్నారు. "కరెంటు పోతే? దణ్ణం పెడుతుంటే అమ్మ ఆరిపోతుందిరా!"

అందరూ అలిసిపోయి హాల్లో కూర్చున్నారు. నేను గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. స్క్రీన్ మీద ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరూ వినకుండా అనేశాను. "ఏవిటత్తయ్యగారండీ ఈ పంతం? బతికున్నన్నాళ్ళూ మీ మాటే నెగ్గింది. రేపొక్క పూట ఇటు తిరిగితే మీ సొమ్మేం పోయింది?"

నాకు కత్తిరించడం అవీ రావు. ఫొటో తెరవడం, ప్రింట్ నొక్కడం, ఈ రెండే లావణ్య నేర్పింది. అందుకని ముందు నుంచీ ఉన్న ఆ పెద్ద స్క్రీన్‌షాట్ ఎలా ఉందో అలాగే తెరిచి నొక్కాను. ఎలాగూ ముడే వస్తుందని నాకు తెలుసు. కోపం తీరక నొక్కాను, అంతే.

కాగితం రావడం మొదలుపెట్టింది. ముందు పాపిట వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. నుదురు వచ్చింది, విభూతి వచ్చింది. కళ్ళు వచ్చాయి. ముక్కు, నవ్వు, ఊడిన పన్ను. తర్వాత కాల్ కట్ చేసే ఎర్ర బటన్, దాని పక్కన బటన్లు. చివరికి కింద కుడి మూల చిన్న డబ్బాలో నేను. జుట్టు రేగిపోయి, నోరు తెరుచుకుని, వంగి బటన్లు నొక్కుతున్నాను.

నేను అరిచిన అరుపుకి అందరూ పరిగెత్తుకొచ్చారు. వదినగారు కాగితం లాక్కుని గుండెలకి హత్తుకున్నారు.

లావణ్య వెంటనే కూర్చుని, నన్ను తీసేసి, అత్తగారిని ఒక్కరినే ఉంచి మళ్ళీ ప్రింట్ ఇచ్చింది. ముడి వచ్చింది. నన్ను ఉంచి ఇచ్చింది. మొహం వచ్చింది. అలా మార్చి మార్చి ఇంకు అయిపోయేవరకూ తీసింది. నేను ఉంటే ఇటు చూస్తున్నారు. నేను లేకపోతే అటు తిరుగుతున్నారు. ఆ కాగితాలన్నీ మా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మా ఆయన ఊపిరి పీల్చుకుని, "సరే, మొహం వచ్చింది కదా. దీన్ని ఫ్రేమ్ కట్టించి దండ వేసేద్దాం" అన్నారు.

"బుద్ధుందా నీకు?" అన్నారు వదినగారు. "అందులో నీ పెళ్ళాం లేదూ? బతికున్న మనిషికి దండేస్తావా?"

అప్పుడు గానీ మాకెవ్వరికీ ఆ సంగతి తట్టలేదు. బతికున్నవాళ్ళ బొమ్మకి దండ వెయ్యకూడదు. అది ఎవరింట్లోనూ చెయ్యరు.

"అయితే కాగితాన్నే కత్తిరిద్దాం. అదిప్పుడు కాగితమే కదా, ఇంక ఎటు తిరుగుతుంది?" అన్నారు మా ఆయన. వదినగారికి అది నచ్చింది. కుట్టు మిషన్ మీదున్న కత్తెర తెచ్చి, కాగితం బల్ల మీద పరిచి, నేనున్న మూల దగ్గర కత్తెర పెట్టారు. పెట్టి ఆగిపోయారు.

కాగితం కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని చూశారు. తర్వాత మెల్లిగా అన్నారు. "రమణా, ఇటు రా. అమ్మ చూపు చూడు."

చూశాను. అత్తగారు ఎదురుగా చూస్తున్నారని అందరం అనుకున్నాం కదా. కాదు. కళ్ళు కొంచెం కిందకి, కుడి పక్కకి వాలి ఉన్నాయి. ఆ మూల డబ్బాలో ఉన్న నన్ను చూసి నవ్వుతున్నారు.

"ఆ రోజు నేను పక్కనే ఉన్నానే," అన్నారు వదినగారు. "నన్ను చూసి ఒక్కసారి కూడా ఇలా నవ్వలేదు." కత్తెర తీసుకెళ్ళి మళ్ళీ మిషన్ మీద పెట్టేశారు.

పొద్దున్న పెద్దకర్మకి ఆ కాగితాన్నే ఫ్రేమ్‌లో పెట్టి కుర్చీలో ఉంచాం. ఎర్ర బటన్‌తో సహా, రేగిన జుట్టుతో నాతో సహా. దండ తెచ్చాం గానీ వెయ్యలేదు. ముందు దీపం పెట్టి, పళ్ళెంలో విడిపూలు పోసి ఉంచాం. వచ్చినవాళ్ళు దగ్గరికొచ్చి ఫొటోలో ఆవిణ్ణి చూడడం, మూల నన్ను చూడడం, పక్కన నిలబడ్డ నన్ను మళ్ళీ చూడడం. ఆకివీడు నుంచి వచ్చిన మా ఆయన పిన్నిగారు మాత్రం ఫొటో వంక, పక్కన వాడిపోతున్న దండ వంక చూసి, "మొత్తానికి దండ పడనివ్వలేదే మా అక్క!" అని ఏడుస్తూనే నవ్వేశారు. నన్ను ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. వదినగారు రోజంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

కంప్యూటర్లు తెలిసినవాళ్ళని లావణ్య చాలామందిని అడిగింది. ఒకరు ఇంకు అన్నారు, ఒకరు వైరస్ అన్నారు, ఒకరు మీరే తప్పు ఫొటో నొక్కి ఉంటారన్నారు. ఆ స్టూడియో ఆయన్ని అడగమంటే ఎవరూ అడగలేదు. నాకు మాత్రం ఏం తెలుసు? దెయ్యం అని నేను అనను. దెయ్యం అయితే భయం వెయ్యాలి. నాకు వేసింది విసుగు. ఆవిడ బతికున్నప్పుడు ఎలా వేసేదో అచ్చం అలాంటి విసుగే. అదెలా జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఫొటో హాల్లో మామగారి పక్కన పెట్టలేదు, కంప్యూటర్ పైన గోడకి కొట్టాం. దానికి దండ లేదు, బొట్టు పెట్టలేదు. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు మామగారికి దణ్ణం పెట్టి, ఇటు చూసి, "మీ అత్తగారా అండీ? జంగారెడ్డిగూడెం వెళ్ళారా?" అని అడుగుతారు. మొదట్లో పోయారని చెప్పేదాన్ని. ఈ మధ్య ఒక్కోసారి అవునండీ అనేస్తున్నాను.

ఇందులో తప్పులు చాలానే ఉంటాయి. అవి చూసి మా అత్తగారిలా మొహం అటు తిప్పేసుకోకండి. పెద్దమనసుతో నన్ను మన్నించండి.